మంచులోని మసి

ధ్రువప్రాంతంలో స్నో స్కూటర్ బ్రేకులు తెంపి, ఏజెంట్ తక్కెడ వాళ్ల అన్నయ్యను చంపేశారు. ల్యాబు పరీక్షకని ఒక మంచుకడ్డీ తవ్వి తీయడమే ఆయన చేసిన నేరం.

"అక్కడ ఒక్క పొగగొట్టం లేదు," అన్నాడు చీఫ్. "అయినా తల్లిపాలలో పాదరసం! ఇక్కడి పొగ గాలెక్కి అక్కడ దిగుతోంది. ఆ కడ్డీలోని సీసం ఏ ఫ్యాక్టరీదో వేలిముద్రలా పట్టిస్తుంది. దాన్ని ఆ ఫ్యాక్టరీ కోసం విదేశీ ముఠా కొట్టేసి కోల్డ్ స్టోరేజీలో దాచింది. ఏ పెట్టెలోనో ఫ్యాక్టరీ యజమానికే తెలుసు. లోపలున్న మన మనిషి సోదాల పుకారు పుట్టిస్తే, వాడే బయటికి తీస్తాడు. కోడ్ 'గాలి ఎటు?' జవాబు 'ఉత్తరానికి.' యజమాని ప్రాణాలతో కావాలి."

"గిట్టని బేరం సార్," అన్నాడు తక్కెడ. అయినా మెకానిక్ వేషంలో కోల్డ్ స్టోరేజీకి వెళ్లాడు.

లోహాలు కరిగించి బలిసిన యజమాని, సీలు వేసిన సంచీలోని కడ్డీని బల్లమీద పెట్టాడు. "మెకానిక్, సోదాకు వచ్చేలోగా ఇది కరగాలి, హీటర్ వెయ్యవయ్యా!"

ఎర్ర లిప్‌స్టిక్ సెక్రటరీ వాడి భుజంమీద చెయ్యేసి నవ్వుతోంది. తక్కెడ రక్తం మరిగింది. వదిన! అన్నయ్య పోయిన నెలకే మాయమైన వదిన! ఇద్దరి లెక్కా ఇక్కడే తేల్చేయాలనుకున్నాడు.

"గాలి ఎటు, మెకానిక్?" అందామె.

తక్కెడ హీటర్ స్విచ్ వేశాడు. "ఉత్తరానికి, మేడమ్."

మంచు కరిగింది. అడుగున నల్లటి మసి. సంచీ తెరుచుకుంటే బయటి దుమ్ము కలుస్తుంది, సాక్ష్యం చెల్లదు. యజమాని సంచీ, కత్తెర పట్టుకుని పారబోయడానికి సింకు దగ్గరికి నడిచాడు.

కత్తెర సంచీని తాకింది. తక్కెడ చేతిలోని, టెస్టర్‌లా కనిపించే షాక్ గన్ వాడి మెడను తాకింది. షాక్‌కు వాడు కూలాడు. సంచీని వదిన గాల్లోనే అందుకుంది, రెండో చేత్తో కత్తెర తీసి వాడి గొంతుమీద పెట్టింది.

"వద్దు వదినా! చస్తే వీడికి చౌకలో తేలిపోతుంది."

"మంచు కరిగిపోయిందిగా..." మూలిగాడు యజమాని.

"ల్యాబులో మొదట చేసే పని అదేరా," అంది వదిన. "కరిగిస్తేనే మలినం బయటపడుతుందని నీకు తెలియదూ?"

ఇద్దరూ వాణ్ణి ఫ్రీజర్ గదిలోకి నెట్టి గడియ వేశారు.

"చలి! తలుపు తియ్యండి!"

"ఆయనకీ వేసింది చలి," అంది వదిన.

తక్కెడ ఫోన్ మోగింది. "యజమాని ప్రాణాలతో ఉన్నాడా?" అడిగాడు చీఫ్.

"ఉన్నాడు సార్. మీరొచ్చేలోగా పాడవకుండా ఫ్రీజర్లో పెట్టాం."