ఐమూల కోత

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేకపోతోంది. ఒక పక్క మబ్బు, ఒక పక్క ఎండ. మధ్యలో సన్నటి తుంపర, ఎవరో ఇస్త్రీకి ముందు నీళ్ళు చిలకరిస్తున్నట్టు.

జాకెట్లు కుట్టే టైలర్ తొందరగా వచ్చి కొట్టు తెరిచాడు. ఆ గదిలో సగం అతనిది, మిగతా సగం బొంతలు కుట్టే అమ్మాయిది. మధ్యలో ఇస్త్రీ బల్ల. ఏడాదికి పైగా ఆ బల్ల మీదుగా కత్తెరలు దాటాయి, టీ గ్లాసులు దాటాయి. అతని మనసులో మాట మాత్రం దాటలేదు.

ఆమె వైపు చదరపు ముక్కల దొంతర ఉంది. అన్నీ వాళ్ళ అమ్మమ్మ పాత చీరలవే. మోకాలి ఆపరేషన్ అయిన అమ్మమ్మ ఎల్లుండి ఆస్పత్రి నుంచి వస్తోంది. "నా చీరల బొంత మంచం మీద లేకపోతే గడప తొక్కను" అని ముందే కబురు పెట్టింది.

సగం ముదురు రంగు, సగం లేత రంగు కలిసి ఒక చదరం కావాలి. అది అతనికి తెలుసు. రోజూ చూస్తూనే ఉన్నాడు. కాకపోతే చూసింది ఆమె మొహాన్ని, చేతుల్ని కాదు.

సాయం చేద్దామనిపించింది. పెద్ద కత్తెర తీసి ముక్కలన్నీ మూల నుంచి మూలకి, ఐమూలగా కోసేశాడు. ఐమూల కోతకి అతను పెట్టింది పేరు. క్రాస్ కటింగ్ జాకెట్ ఒంటికి అతికినట్టు కూర్చుంటుందంటే, బట్ట అటువైపు సాగుతుంది కాబట్టే.

ఆమె గొడుగు దులుపుకుంటూ వచ్చింది. బల్ల వైపు చూసి అక్కడే ఆగిపోయింది.

"ఇవి ఎవరు కోశారు?"

"నేనే" అన్నాడు, మెచ్చుకోలు కోసం చూస్తూ.

"మాస్టారూ! మిమ్మల్ని ఎవరు కొయ్యమన్నారండీ?"

"సాయంగా ఉంటుందని..."

"కుట్టకముందే కోస్తారా ఎవరైనా?" చిత్తు గుడ్డల్లోంచి రెండు చదరాలు లాగింది. "ఇలా రెండూ మొహాలు కలిపి పెట్టాలి. ఐమూలగా గీత గియ్యాలి. గీతకి ఇటు పావంగుళం, అటు పావంగుళం కుట్టాలి. ఆ తర్వాతే గీత మీద కొయ్యాలి. విప్పితే రెండు రంగుల చదరాలు రెండు. చిటికెలో పని, అంచు సాగే ప్రసక్తే లేదు. మీ కోత చూడండి!"

అతను కోసిన ముక్క పట్టుకుని మెల్లగా లాగింది. అంచు అలలు అలలుగా లేచింది.

"జాకెట్ సాగాలి మాస్టారూ. బొంత సాగితే మంచం మీద పడుకోదు, లేచి కూర్చుంటుంది."

"వేరే బట్ట తెస్తాను."

"అమ్మమ్మ కట్టి విడిచిన చీరలు ఏ కొట్లో అమ్ముతారో చెప్పండి, నేనూ వస్తాను."

అటు తిరిగి కూర్చుంది. చేతిలో ముక్కతోనే కళ్ళు తుడుచుకుంది. ఆ ముక్కా సాగింది.

అతను స్టవ్ వెలిగించాడు. గంజి కాచాడు. ముక్కలు ముంచి, ఫ్యాను కింద తడి ఆర్చి, ఇస్త్రీ పెట్టె అందుకున్నాడు.

"రుద్దకండి, ఇంకా సాగుతుంది" అంది ఆమె, ఇటు తిరక్కుండానే.

"రుద్దడం లేదు. ఎత్తి ఎత్తి పెడుతున్నాను."

"ఇదొక్కటి తెలుసన్నమాట. సంతోషం."

ఒక ముక్క తెచ్చి ఆమె ముందు పెట్టాడు. కాగితంలా బిర్రుగా ఉంది. లాగి చూసింది, కదల్లేదు. మిషన్ ముందుకి జరిగింది. అతనూ తన మిషన్ ఎక్కాడు.

"పావంగుళం."

"పావంగుళమే."

ఆ తర్వాత రెండు మిషన్లే మాట్లాడుకున్నాయి. కుట్టిన ప్రతి చదరం మీదా ఆమె స్కేలు పెట్టి, కుట్టు మూల నుంచి మూలకి వచ్చేలా అంచులు కత్తిరించింది. వంకర పోవాలంటే కాస్త ఎక్కువే కత్తిరించాల్సి వచ్చింది.

మర్నాడు అన్నీ జోడించి బల్ల మీద పరిచారు. చక్కగా, చదునుగా ఉంది. కానీ పొట్టిదైపోయింది.

"అమ్మమ్మ పాదాలు బయటే ఉంటాయి" అంది నీరసంగా.

అతను అడుగు అరలోంచి మడతపెట్టిన నీలం బట్ట తీశాడు. "చుట్టూ అంచు వేద్దాం."

"కస్టమర్ బట్టా? వద్దు."

"కస్టమర్‌ది కాదు. మీకే. మీ పుట్టినరోజుకి జాకెట్ కుడదామని తెచ్చాను."

"నా పుట్టినరోజు ఎప్పుడో అయిపోయిందిగా?"

"పోయినేడాది పుట్టినరోజుకి."

ఆమె బట్ట వైపు చూసింది, అతని వైపు చూసింది.

"ఇన్నాళ్ళూ ఆ అరలో ఏం చేస్తోంది?"

"నాలాగే. నోరు మూసుకుని కూర్చుంది."

బయట తుంపర వానైంది. ఆమెకి నవ్వు ఆగలేదు. "జాకెట్ కుట్టాలంటే కొలతకి ఆది కావాలిగా మాస్టారూ. అడిగితే ఇచ్చేదాన్ని కదా!"

అతను గుండెల నిండా ఊపిరి పీల్చుకుని కత్తెర తీశాడు. మళ్ళీ కింద పెట్టాడు.

"ముందు మీరు గీత గియ్యండి. అప్పుడే కోస్తాను."

అనుకున్న సాయంత్రానికి అమ్మమ్మ గడప తొక్కింది. మంచం మీద వాలి, బొంత కప్పుకుని, ఒక్కో చీరనీ పలకరించింది. చివర చెయ్యి ఆగింది.

"ఈ నీలం నా చీర కాదే. ఎవరిది?"

మనవరాలు, బొంత మోసుకొచ్చిన టైలర్ వైపు చూసింది. టైలర్ గుమ్మం వైపు చూశాడు.

"ఓహో" అంది అమ్మమ్మ. పాదాలు అంచు కిందికి లాక్కుంది. "వెచ్చగానే ఉంది, ఉండనీ. అబ్బాయ్, గుమ్మం ఎక్కడికీ పోదులే. చేతులు కడుక్కుని రా, భోజనం చేద్దువుగాని."

మంచం పక్కనే కంచాలు పెట్టుకున్నారు. వాన వెలిసింది. ముగ్గురూ తింటున్నారు. అతని కంచం ఖాళీ అయ్యేలోపే, అడక్కుండా ఆమె మళ్ళీ అన్నం వడ్డించింది. అతను వద్దనలేదు.