చుట్టానికి పని చెప్పరు

"ఇక్కడ ఉద్యోగాలు లేవమ్మా," అన్నాను తలెత్తకుండానే.

"ఉద్యోగం కాదండీ. పని కావాలి."

"రెండూ ఒకటే గద?"

"కాదు. జీతం అక్కరలేదు. నేను సేవ చేయగోరుతున్నాను."

చేయగోరుతున్నాను! నారాయణగూడలో మా సేవా సంఘం ఇరుకు గదిలోకి పురాణంలోంచి ఎవరో నేరుగా దిగివచ్చినట్టనిపించింది. తలెత్తి చూశాను. నీలం చీర, చేతిలో గొడుగు, పెద్ద కళ్లు. ఆ కళ్లలో అప్పుడే కోపం కూడా.

"ఎందుకు నవ్వుచున్నారు?" అంది.

ఆ ప్రశ్నతో వచ్చే నవ్వు కాస్తా రెట్టింపయింది. ఆమె గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. గొడుగు బల్ల మీదే ఉంది. బయట వాన దంచి కొడుతోంది. గడప దాటిన మనిషి నిండా తడిసి మళ్లీ లోపలికి వచ్చింది.

"గొడుగు కొరకు వచ్చాను. మీ కొరకు కాదు," అంది.

"కూసోండి. తువ్వాలిస్త, చాయ్ తాగుండ్రి," అన్నాను. ఆ మాటకు ఆమె నన్ను ఇంకా కోపంగా చూసింది. చాయ్ అంటే ఆమెకెందుకంత కోపమో తర్వాత తెలిసింది.

ఆమె పేరు సింహాద్రి. మారిషస్ నుంచి వచ్చింది. వాళ్ల ముత్తాత చెరకు తోటల్లో పనికని ఓడ ఎక్కాడు, మళ్లీ తిరిగి రాలేదు. ఆమె మాత్రం స్కాలర్‌షిప్ మీద ఉస్మానియాకు వచ్చింది. తెలుగు అక్కడి సాయంకాలపు బడిలో పాత పుస్తకాలు చదివి నేర్చుకుందట. అందుకే మాట్లాడితే వ్యాకరణం వినిపించేది. ఈ నేలకు తన చేతులతో ఏదైనా చేసి వెళ్లాలని ఆమె కోరిక. ఎక్కడికి వెళ్లినా చాయ్ ఇచ్చి పంపుతున్నారు.

"పట్నంల సేవకు కరువా? నేను సూపిస్త," అన్నాను ధీమాగా.

మొదట ఓ పెద్ద దవాఖానకు తీసుకెళ్లాను. రోగులకు అన్నం తినిపిస్తానని కొంగు దోపుకుంది. మేట్రన్ ఆమెను ఫ్యాన్ కింద కుర్చీలో కూర్చోబెట్టి, బిస్కెట్లు తెప్పించి, "అంత దూరం నుంచి వచ్చారు, పాపం" అని ఒకటే బాధపడింది. పెద్దల రాత్రిబడికి తీసుకెళ్తే మెడలో దండ వేసి ఉపన్యాసం ఇమ్మన్నారు. అనాథాశ్రమంలో పిల్లలకు తలలు దువ్వుతానంటే, ఆ పిల్లలనే వరసగా నిలబెట్టి ఆమె ముందు పాటలు పాడించారు.

ఏడాది పొడుగునా ఇదే తంతు. ఆ దండలన్నీ పోగేస్తే పూలకొట్టు పెట్టుకోవచ్చు. నాకు మాత్రం లాభమే. ప్రతి ఓటమి తర్వాత హాస్టల్ దాకా ఆమెతో నడిచే భాగ్యం నాది.

"ఈ నగరంలో ఒక్కరైనా నన్ను చీపురు ముట్టనివ్వరా ఐలేశం గారూ?" అంది ఒకనాడు.

"సుట్టానికి పని చెప్పరండి మా తాన. చెప్తే ఇజ్జత్ పోతదంటరు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మా ముత్తాత ఓడ దిగిననాడు ఆయనకెవరూ కుర్చీ వేయలేదు. చేతికి పార ఇచ్చారు. పని చేసి చేసి ఆ ఊరిని మాది చేసుకున్నాము. ఇక్కడ అందరూ కుర్చీ వేస్తున్నారు. ఎంత దయగల మనుషులు! ఆ రుణం తీరదు. కానీ చదువు ముగిసి వచ్చే నెల ఇంటికి వెళ్లి నాయనమ్మకు ఏమని చెప్పను? మన దేశంలో నేను చుట్టాన్ని, అని చెప్పనా?"

వచ్చే నెల. పోవద్దని చెప్పాలి. కానీ ఎలా? చుట్టంగా వచ్చిన పిల్లను నువ్విక పోకు అనడానికి నేనెవరిని? అందుకే ఆ మాట మింగేసి, "మా ఊర్ల శ్రమదానం ఉంది. మోత్కూర్ బాటకు మన్ను పోస్తున్నం. ఆడ తట్ట మొయ్యకుంట మిమ్మల్నెవలు ఆపుతరో సూస్త," అన్నాను.

ఊరు ఊరంతా ఆపింది.

ఆమె తట్ట ముట్టుకుంటే చాలు, ఎవరో ఒక ఆడమనిషి లాక్కునేది. "అయ్యో బిడ్డా, సముద్రం దాటొచ్చినవు, నీకు గీ మన్నేంది!" అని ఆమెకే చెంగుతో విసిరేది. ఆఖరికి ఆమెను మా ఇంటికి తీసుకొచ్చాను. అమ్మా బాపూ గొర్రెల మందతో గుట్ట దిక్కు పోయారు. ఇంట్లో మా బీరమ్మ అవ్వ ఒక్కతే ఉంది. చుట్టాల విషయంలో అవ్వ ఊరందరినీ మించిన మనిషి.

మంచం మీద కొత్త గొంగడి పరిచింది. కాళ్లకు నీళ్లిచ్చింది. మోదుగాకు విస్తరి వేసి కోడికూర వడ్డించింది. "ఇంకొక్క ముద్ద తిను బిడ్డా," అని బతిమాలింది. సింహాద్రి తిని, తన విస్తరి తను ఎత్తబోయింది. అవ్వ గబుక్కున చెయ్యి పట్టుకుంది.

"సుట్టపు పిల్ల ఇస్తరాకెత్తితె నలుగుర్ల మా ఇజ్జతేముంటది? నువ్వు కూసో."

సింహాద్రి కూర్చుంది. కళ్లలో నీళ్లు నిండాయి.

"కారం ఎక్కువైందా బిడ్డా?" అవ్వ కంగారుపడింది.

"లేదు అవ్వా. చాలా రుచిగా ఉన్నది," అంది తలవంచుకుని. ఆ గొంతు విని నా ప్రాణం ఉసూరుమంది. ఉన్న ఒక్క ఆశా ఇక్కడే అయిపోయింది.

అప్పుడొచ్చింది వాన.

మిరుగు, అదే మృగశిర కార్తె, ఇంకా దూరం ఉండగానే, చెప్పాపెట్టకుండా, గాలీ ఉరుమూ కలిసి ఒక్కసారిగా మీద పడింది. వాకిట్లో కంప దడి లోపల గొర్రెపిల్లలు. తల్లులు మందతో పోతే ఇంటి దగ్గర మిగిలేవి ఆ పసికూనలే. దడి ఒక పక్క కూలింది. పిల్లలు అరుచుకుంటూ తలో దిక్కూ పరుగెత్తాయి. అవ్వ పరుగెత్తింది. నేను పరుగెత్తాను. చుట్టంలా ఉండడం అలవాటైపోయిందేమో, సింహాద్రి అరుగు మీద నిలబడి చూస్తోంది.

అవ్వ వెనక్కి తిరిగి ఒక్క కేక పెట్టింది.

"ఏందే, గట్ల గుడ్లప్పగించి సూస్తున్నవ్? చేతుల్లేవా నీకు? గా నల్లది నిన్ననే పుట్టింది, తడిస్తె సస్తది! ఉరుకు!"

మా అవ్వ నోటివెంట 'ఏందే' అని విని నేను బురదలోనే ఆగిపోయాను. సింహాద్రి మాత్రం ఆగలేదు. అరుగు మీంచి దూకింది. జారి పడింది. లేచింది. నల్లపిల్లను పట్టుకుని కొంగులో చుట్టి గుండెకు హత్తుకుంది. లోపల దించి మళ్లీ వచ్చింది. "గటు! గటు పోతాంది సూడు! గుడ్డిదానివా?" అని అవ్వ తిడుతూనే ఉంది, ఈమె నవ్వుతూ పరుగెడుతూనే ఉంది. ఇన్ని తిట్లు తిని అంత సంబరపడిన మనిషిని నేనెక్కడా చూడలేదు.

పిల్లలన్నీ ఇంట్లోకి చేరాక అవ్వ కొంగు పిండుకుంటూ సింహాద్రిని చూసింది. మోకాళ్ల దాకా బురద, ఒళ్లో వణికే నల్లపిల్ల. అవ్వ ముఖం పాలిపోయింది.

"అయ్యో, ఎంత పని చేస్తి! సుట్టపు పిల్లను నోటికొచ్చినట్టు తిడ్తి. పని గూడ చేపిస్తి. ఏమనుకోకు తల్లీ."

"అవ్వా," అంది సింహాద్రి నవ్వుతూ, ఏడుస్తూ, "ఇంకొక పని చెప్పండి. మీకు పుణ్యముంటుంది."

అవ్వ ఆమె వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నా ముఖంలో ఏం కనబడిందో, బోసినోటితో మెల్లగా నవ్వింది.

"మా ఇంట్ల సుట్టానికి పని చెప్పం బిడ్డా. ఇంటిదానికే చెప్తం. చెప్పమంటవా?"

సింహాద్రి వ్యాకరణం మొత్తం ఎటో పోయింది. నన్ను చూసింది.

"ఐలేశం గారూ... అవ్వ అడుగుతున్నది..."

"అదే. ఏడాది సంది నేను అడుగలేకపోయింది గదే."

"ఎందుకు అడగలేదు?"

"సుట్టాన్ని ఎట్లడుగుత?"

"మీరు కూడానా!" అంది. ఆ కోపం మొదటినాటి కోపమే, కళ్లు కూడా అవే. నల్లపిల్లను తెచ్చి నా చేతుల్లో పెట్టేసి అవ్వ వైపు తిరిగింది. "చెప్పండి అవ్వా. రోజూ చెప్పండి."

"మీ బాపుకు నేను నచ్చజెప్త తియ్," అని అవ్వ నాతో అంది. ఇంట్లోకి చేరిన వాననీళ్లు ఊడ్వమని మూలనున్న చీపురు తీసి సింహాద్రికి ఇచ్చింది. ఆమె దాన్ని రెండు చేతులా అందుకుంది. ఇన్నాళ్లుగా మెడలో పడిన ఏ పూలదండనూ అంత ఇష్టంగా అందుకోలేదు. బయట వాన ఇంకా కురుస్తూనే ఉంది. దానికి నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

"నువ్వేందిరా, సుట్టం లెక్క నిలవడ్డవ్? నీళ్లెత్తిపొయ్యి!" అవ్వ నా మీద కేకేసింది.

ముంత అందుకుని సింహాద్రి పక్కన వంగాను.

"మీ నాయనమ్మకు ఏమని రాస్తరు?" అన్నాను మెల్లగా.

చీపురు ఆపకుండానే చెప్పింది.

"పని దొరికిందని."