వెనక ఫుట్‌రెస్ట్ మీద ఇసుక

గౌరీశ్వరి స్కూటీ ఈ ఆదివారం కూడా ఇసుక మోసుకొచ్చింది. గుణశేఖర్‌కి ఒళ్లు మండింది.

గాజువాకలో వాటర్ వాష్ షాపు నడిపేవాడికి ఇసుక కనిపిస్తే పండగే కావాలి. కానీ ఇతగాడి చూపు వెనక ఫుట్‌రెస్టుల మీద పడింది. రెండూ తెరిచి ఉన్నాయి, నిండా తడి ఇసుక. పైగా హ్యాండిల్‌కి మగవాళ్ల హెల్మెట్ ఒకటి వేలాడుతోంది.

ఆమే అతనూ పదో తరగతి దాకా ఒకే బడి. ఇప్పుడామె పరవాడలో మందుల కంపెనీ ఉద్యోగి. బండి తుడిచిచ్చే ప్రతిసారీ మనసులో మాట చెప్పేద్దామనుకుంటాడు. చివరికి "బ్రేకు సూసుకో" అని ఊరుకుంటాడు.

"అప్పికొండ బీచేనేటి?" అన్నాడు పైపు అందుకుంటూ.

"ఊఁ. ఇద్దరం నీళ్ల అంచునే తోలినాం. ఉప్పు పట్టేసింది, కింద కూడా కడుగు."

ఇద్దరం అట! పైపు వంకర తిరిగి ఆమె చున్నీ తడిసింది.

"ఏటిది, నన్నూ కడిగేత్తావేటి?"

"నాను కడగను. ఇంకెక్కడన్నా కడిగించుకో!"

గౌరీశ్వరి మొహం చిన్నబోయింది. మరుక్షణం మూతి తిప్పుకుని, బండి తోసుకుంటూ రోడ్డుకి అవతలున్న కొండలరావు షాపుకి వెళ్లిపోయింది.

కొండలరావు గుణశేఖర్‌కి స్నేహితుడే. ఆడపిల్లల బండి వస్తే మాత్రం పళ్లన్నీ బయటపెడతాడు. ఏదో జోకేశాడు, ఆమె నవ్వింది. అద్దం తుడిచాడు, మళ్లీ నవ్వింది. ఇక్కడ గుణశేఖర్ తుడిచిన బకెట్‌నే మళ్లీ తుడుస్తున్నాడు. ఆ హెల్మెట్ వాడెవడో తెలియదు, వీడు మాత్రం కళ్లెదుటే ఉన్నాడు.

కొండలరావు ప్రెషర్ గన్ తీసి చక్రం మధ్యలోకి గురిపెట్టాడు.

"ఒరే బావా, ఆగరా!" గుణశేఖర్ ఆటోల మధ్యనుంచి బకెట్‌తో పరుగెత్తాడు. "ముందు మామూలు నీళ్లు పొయ్యాల. గన్ను పెడితే ఇసక లోనికి దూరిపోద్ది!"

"నా గిరాకీ, నా ఇట్టం బావా."

"ఆ బండి మీద సెయ్యెయ్యకు!"

గౌరీశ్వరి నడుం మీద చెయ్యి వేసింది. "ఎందుకేటి? నువ్వే కదా వద్దన్నావు?"

"బండిని కాదు, ఎనకాల కూకున్నోణ్ణి! నాను కడిగి మెరిపిత్తంటే ఎవడో ఊరేగతన్నాడు. మండదేటి నాకు? నువ్వంటే నాకిట్టం గౌరీ!"

కొండలరావు మోటారు ఆపేశాడు, మిగతాది బాగా వినపడాలని.

గౌరీశ్వరి నవ్వు బిగబట్టుకుని రోడ్డు పక్కనున్న టీకొట్టు వైపు తిరిగి కేక వేసింది. "అమ్మా! ఒకసారి ఇలా రా!"

కొట్టు వెనకనుంచి నాగమణి వచ్చింది. చీర కుచ్చిళ్లు ఇసుకమయం, మోచేతికి బ్యాండేజీ.

"ఈ అవతారంతో నలుగుర్లోకి రాలేక అక్కడ కూకున్నానే. ఏటి గొడవ? మీ నాన్న హెల్మెట్ జాగర్త."

గుణశేఖర్ హెల్మెట్ వైపోసారి, ఆమె కుచ్చిళ్ల వైపోసారి చూశాడు.

"అమ్మకి బండి నేర్పతన్నాను" అంది గౌరీశ్వరి. "తడి ఇసక మీద పడ్డా దెబ్బ తగల్దని. నాను పెళ్లై ఎల్లిపోతే రైతుబజారుకి ఎవరు దింపుతారు? అందుకే అమ్మకి బండొచ్చేదాకా పెళ్లి మాటెత్తొద్దన్నాను."

గుణశేఖర్ బకెట్ కింద పెట్టేశాడు. "ఎంతవరకూ వచ్చింది?"

"మలుపు తిరిగితే పడిపోతన్నాను" అంది నాగమణి దిగులుగా.

"వచ్చే ఆదివారం నాను నేర్పుతాను అత్తా!"

నాగమణి అతన్ని కింద నుంచి పైదాకా చూసింది. "సిన్నప్పట్నుంచీ పిన్నీ అన్నావు కదరా? ఇయ్యేల అత్తేటి?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. పిన్ని అంటే గౌరీశ్వరి చెల్లెలైపోతుంది మరి!

"అలా పిలవొచ్చేటే?" అని కూతుర్ని అడిగింది నాగమణి.

గౌరీశ్వరి తడిసిన చున్నీ పిండుకుంటూ, "పిలవనీ అమ్మా" అంది.