అద్దం మూత చప్పుడు

అసలు పేరుతో పిలిచేవాళ్లు ఇంట్లో కూడా మిగల్లేదు. అందరూ అతన్ని మిల్లీమీటరనే అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు లెండి. కంప్యూటర్లో విమానం నడిపేవాళ్ల కోసం పాత యుద్ధవిమానాలను ఉన్నదున్నట్టు తయారుచేయడం అతని పని. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక వచ్చిన తొలి జెట్లంటే ప్రాణం. ఒక స్క్రూ తల మీద గీత నిలువుగా ఉందా, అడ్డంగా ఉందా అని తేలక వారం రోజులు సరిగ్గా అన్నం తినని మనిషి. అక్క మొగుడు శబ్దాలు చూసుకుంటాడు. బావాబావమరుదులు పోట్లాడుకోని రోజంటూ లేదు.

ఈసారి పోట్లాట అద్దం మూత దగ్గరొచ్చింది. పైలట్ కూర్చున్నాక తల మీదికి జరిగి బిగుసుకుంటుందే, ఆ గాజు మూత. ఆడి చూసినవాళ్లంతా "విమానం అద్భుతం, మూత చప్పుడు మాత్రం స్టీలు డబ్బాది" అని రాశారు. నిజానికి అది స్టీలు డబ్బాదే. బావ వంటింట్లో రికార్డు చేశాడు.

"మీ అక్కకి తెలియకుండా పప్పుల డబ్బా ఎత్తుకొచ్చి చేశాన్రా. ఇలా పట్టేసుకుంటారని కలగన్నానా?"

"నీ డబ్బాకో దండం బావా. అసలు విమానం దగ్గరికే పోదాం పద," అన్నాడు మిల్లీమీటరు.

ఆ రకం విమానం ఒక్కటే మిగిలింది, ఒక మ్యూజియం వెనక రేకుల షెడ్డులో. సెలవు రోజు మధ్యాహ్నం తాళం తీయడానికి అక్కడి ముసలి మెకానిక్ ఒప్పుకున్నాడు. వయసులో ఉండగా ఇదే విమానానికి పనిచేసిన మనిషి. నిచ్చెన వేశాడు, దుమ్ము తుడిచాడు, ఏ లివర్ ఏం చేస్తుందో ఓపిగ్గా చెప్పాడు. ఇంతలో ఆయన ఫోన్ మోగింది.

"ఫోటోలు తీసుకోండి, కొలుచుకోండి. మూత మాత్రం వెయ్యకండి బాబూ," అన్నాడు ఫోన్ తీస్తూ.

"ఎందుకండీ?"

"వెయ్యకండి, అంతే." ఫోన్లో మాట్లాడుకుంటూ ఆవరణ అవతలున్న ఆఫీసు గదికి వెళ్లిపోయాడు.

వీళ్లు వచ్చిందే దానికోసం. "ఒక్కసారి వేసి తీసేద్దాం. పెద్దాయన వచ్చేలోపు అయిపోతుంది," అన్నాడు బావ. వైర్‌లెస్ మైకు సీటు పక్కన పెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని నిచ్చెన మీద నిలబడ్డాడు.

మిల్లీమీటరు లోపలికి దిగాడు. లిఫ్టంటే భయపడి నాలుగంతస్తులు మెట్లెక్కే మనిషి అతను. బొమ్మ గీసినప్పుడు ఈ చోటు విశాలంగానే కనబడింది. ఇప్పుడు రెండు భుజాలకీ లోహం తగులుతోంది. అయినా మూత లాగాడు. గరగరా జారుతూ వచ్చి ఠక్కున పడింది. వెనకే రబ్బరు నొక్కుకుంటూ బుస్సుమంది. ఆహా, ఏం చప్పుడు! బావ బయటినుంచి బొటనవేలు ఎత్తి చూపించాడు.

లివర్ వెనక్కి తిప్పాడు. కదల్లేదు.

రెండు చేతులతో తిప్పాడు. ఊహూఁ. బావ బయటినుంచి లాగాడు. రాలేదు.

"కంగారుపడకురా!" బావ నోరంతా తెరిచి అరుస్తున్నాడు. మాట మాత్రం సన్నగా, ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు వినబడింది.

రేకుల వేడి గాజులోంచి దిగుతోంది. పాత రబ్బరు వాసన, కిరసనాయిలు వాసన. వాటి కింద ఇంకేదో... పొగ వాసన. చెమట కళ్లలోకి కారింది. గాలి ఎంతసేపు సరిపోతుందో లెక్క వేయబోయి, భయమేసి మానుకున్నాడు. ఎవరైనా తియ్యండి, దేవుడా, ఎవరైనా తియ్యండి.

బయట బావ లాగడం ఆపేశాడు. హెడ్‌ఫోన్లు చెవులకి నొక్కుకున్నాడు. మొహంలో రంగు మారింది. ఊపిరి బిగబట్టమని సైగ చేశాడు.

మిల్లీమీటరు బిగబట్టాడు.

బావ విన్నాడు. ఇంకాస్త విన్నాడు. హెడ్‌ఫోన్లు లాగి పారేసి, నిచ్చెన మీదనుంచి ఒక్క దూకు దూకి "పెద్దాయనా!" అంటూ పరిగెత్తాడు.

ఏం విన్నాడు?

ఎదురుగా గాజు మీద ఆవిరి పట్టింది. రూపాయి బిళ్లంత. తగ్గింది. మళ్లీ పట్టింది... అరచేయంత. తను ఇంకా ఊపిరి వదల్లేదు.

మళ్లీ పట్టింది.

చెవి పక్కన ఎవరో గుసగుసగా అన్నారు.

"లాగుతూనే ఉన్నా... రావట్లేదు..."

అరిచాడు. గాజుని మోచేతులతో పొడిచాడు, పిడికిళ్లతో గుద్దాడు. పొగ వాసన గొంతులోకి దిగింది. దగ్గొచ్చింది. ఆ దగ్గుతో పాటే... ఇంకొకరు దగ్గారు.

అంతలో గడపార మూత కింద దూరింది. పెద్దాయనా బావా కలిసి బలం కొద్దీ ఎత్తారు. ఫట్టున ఊడి వెనక్కి పోయింది. మిల్లీమీటరు నిచ్చెన మీంచి జారి కింద పడ్డాడు. బావ వాటేసుకుని ఏడ్చేశాడు. "నీకేమన్నా అయితే మీ అక్కకి ఏ మొహం చూపించేవాణ్ణిరా?"

పెద్దాయన నిచ్చెన దిగలేదు. లోపలికే చూస్తున్నాడు.

"యాభై ఏళ్లుగా ఈ మూత పడనివ్వలేదు నేను," అన్నాడు. "ఆ రోజు ఇంజిన్ పొగ లోపలికొచ్చినా పైలట్ సార్ విమానాన్ని చక్కగా దింపాడు. మూతే రాలేదు. నేను బయట, ఆయన లోపల. గాజుకి అటు ఆయన చెయ్యి, ఇటు నా చెయ్యి. చూస్తుండగానే ఆయన చెయ్యి జారిపోయింది."

మిల్లీమీటరు ఆయన వెనకే నిచ్చెనెక్కి, భుజం మీదుగా చూశాడు. సీటు బెల్టులు బిగించి ఉన్నాయి. తను వాటిని ముట్టుకోనైనా లేదు. ఖాళీ సీటుకి జానెడు ముందు, గాల్లో, బిగుతుగా నిలబడి ఉన్నాయి. మెల్లగా ఉబ్బుతున్నాయి, తగ్గుతున్నాయి.

"పెద్దాయనా, వద్దు, వచ్చెయ్యండి," అన్నాడు బావ.

ఆయన వినలేదు. లోపలికి వంగి బకిల్ మీద వేళ్లు పెట్టాడు. "మూత తీశాను సార్," అన్నాడు గుసగుసగా. "ఆలస్యమైంది. రండి."

బకిల్ దానంతటదే విడిపోయింది. బెల్టులు సీటు మీద పడ్డాయి. చెయ్యి వెనక్కి తీసుకోబోయిన పెద్దాయన ఆగిపోయాడు.

"బాబూ... చెయ్యి రావట్లేదు."

మణికట్టు మీద చర్మం లోపలికి నొక్కుకుంది. నాలుగు వేళ్ల గుంటలు పైన, ఒకటి కింద. తర్వాత అవి ఒక్కొక్కటే వదులుతూ, పట్టుకుంటూ, మోచేతి దాకా పైకి వచ్చాయి.