తడి గోనె

మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా నల్లమల అంచు పట్టుకుని ఎవరినైనా అడగండి, పాపమ్మ, వాణి అంటే తెలియని మనిషి ఉండడు. పాపమ్మ రిటైరైన హెడ్ కానిస్టేబుల్. రైలుకట్ట పక్కన దొరికిన ఎముకను వాసన చూసి, ఏ ఏడు ఏ కరువులో పోయిన మనిషో చెప్పగలదు. వాణి కోర్టు రికార్డు గదిలో ఇరవై ఏళ్ళు చేసిన గుమాస్తా. ఈ తాలూకాలు కర్నూలు కింద ఉన్ననాటి కాగితాలను చెదలు తినేసినా, ఆ చెదలను పట్టుకుని చదివేస్తుంది. పోలీసులు మూసేసిన పాత కేసులు ముప్పై మూడు తెరిచినారు ఇద్దరూ. ఎక్కడా కాలు వెనక్కి పెట్టింది లేదు.

ముప్పై నాలుగోది వేరు.

బేస్తవారిపేట దారిలో ఉండే సుబ్బులమ్మ ఆరేళ్ళుగా మంచం దిగలేదు. ఆమె కూతురు కాశమ్మ నలభై ఏళ్ళ కిందట మార్కాపురంలో పలకల పనికి పోయి తిరిగి రాలేదు. లారీ డ్రైవరుతో లేచిపోయిందని ఊరంతా అనింది.

"బతికుంటే దాని కోసం ఉంటా. పోయిందంటే నేనూ పోతా. ఏదో ఒకటి చెప్పండమ్మా, ఇట్ల నడిమధ్య పడి ఉండలేను," అనింది ముసలామె.

ఆ మధ్యాహ్నమే కాశమ్మ పని చేసిన, ఎప్పుడో మూతబడిన పలకల షెడ్డుకు పోయినారు. తుప్పు పట్టిన తాళం పాపమ్మ ఒక్క గుద్దుకు ఊడిపడింది. ఎండ గడప దగ్గరే ఆగిపోయింది. లోపల నల్లటి చల్లదనం. గబ్బిలాల కంపు. దాని అడుగున ఇంకో వాసన. చిన్నప్పుడు బడిలో పలక మీద ఉమ్మేసి తుడిస్తే వచ్చే వాసన. నలభై ఏళ్ళుగా ఎండిన చోట ఆ తడి వాసన ఎక్కడిదో వాణికి అర్థం కాలేదు.

చివరి గోడకు ఆనించి పేర్చిన బండల వరస కూలి కుప్పగా పడి ఉంది. ఆ కుప్ప పక్కనే విడిగా ఒక బండ. దాని మీద గోనెపట్ట, ఎండి అప్పడంలా బిగిసి ఉంది.

పాపమ్మ ఆగిపోయింది. ఆమె తల్లి కూడా పలకరాయి చీల్చిన మనిషే.

"చూసినావా పిల్లా. రాయి ఎండితే పొరలు విడవవు. అందుకని కూటికి లేచేటప్పుడు తడి గోనె కప్పుతారు. మళ్ళ వస్తా, ఎవరూ ముట్టొద్దని గుర్తు."

"అయితే?"

"లారీ ఎక్కి పోయే ఆడది గోనె కప్పి పోతదా?"

ఒక్క మాటతో నలభై ఏళ్ళ అబద్ధం పటాపంచలైంది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ గోనె ఎండితే చూస్తూ ఊరుకోని ఇంట్లో పుట్టిన మనిషి పాపమ్మ. మాట్లాడుతూ మాట్లాడుతూనే సీసాలో నీళ్ళన్నీ దాని మీద వంచేసింది.

"ఎందుకక్కా?"

"అలవాటు. మాయమ్మ రాయికి నేనే పోసేదాన్ని."

గోనె నీళ్ళు తాగింది. గుటక చప్పుడు వినపడేలా తాగింది. ఒక్క చుక్క నేల మీద పడలేదు.

అప్పుడు...

టక్.

ఉలి మీద సుత్తి. మెల్లగా.

"ఎలుక," అనింది పాపమ్మ గొంతు తగ్గించి.

"సుత్తి పట్టే ఎలుకా అక్కా?"

టక్... టక్...

కూలిన బండల కింద నుంచి. వాణి ఫోన్ లైటు వేసింది. రెండు బండల సందులో పచ్చ గాజులు. గాజుల్లో ఎముక. మనిషి మీద బండలు పడితే తీయకుండా, లారీ కథ అల్లి తాళం వేసుకుని పోయినారు ఎవరో.

గాజులు గలగలమన్నాయి.

వాణి వెనక్కి తిరిగింది. బండ మీద గోనె ఒక కొస నుంచి మెల్లగా మడత పడుతోంది. కూడు తిని వచ్చి, పనిలో కూర్చోబోయే మనిషి తీసినట్టు...

ముప్పై మూడు కేసులు తేల్చిన వాళ్ళు స్కూటర్ దాకా ఎట్ల వచ్చి పడినారో వాళ్ళకే తెలియదు.

"స్టేషన్‌కు తర్వాత చెబుదాం. ముందు ఆ తల్లికి చెప్పాల," అనింది పాపమ్మ.

"చెప్తే పోతదేమో అక్కా."

"అందుకే గదా అడిగింది."

వాళ్ళు చేరేసరికి పొద్దు ఇంకా వాలలేదు. సుబ్బులమ్మ కోడలు లక్ష్మీకుమారి వాకిట్లో నిలబడి ఉంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"అత్త లేచింది పెద్దమ్మా," గుసగుసగా అనింది. "లోపల ఎవరితోనో మాట్లాడింది. నాకు పోవాలంటే భయంగా ఉంది."

లోపల పొయ్యి మండుతోంది. ఆరేళ్ళు మంచం దిగని మనిషి దాని ముందు కూర్చుని జొన్నరొట్టె తడుతోంది.

పాపమ్మ గొంతు సవరించుకుంది. "అమ్మా, కాశమ్మ ఇంక..."

"వచ్చిపోయింది," తల తిప్పకుండానే అనింది సుబ్బులమ్మ. "పని సగంలో ఉందంట. నాకింక చావెందుకు? రోజూ దానికి కూడు కట్టాల గదా."

వాణి పాపమ్మ చెయ్యి పట్టుకుంది.

"నీళ్ళు పోసింది నువ్వేనంట గదమ్మా," పాపమ్మతో అనింది సుబ్బులమ్మ. " రేప్పొద్దున నిన్ను రమ్మనింది. ఆ బండలు దాని ఒక్కదానివల్ల లేవవంట."

అప్పుడు తిరిగింది ముసలామె. ఎడమ చెంప మీద బూడిదరంగు పలకరాయి బురద. నాలుగు వేళ్ళు, ఒక బొటనవేలు, ప్రేమగా నిమిరినట్టు.

పొయ్యి వేడికి కూడా అది ఆరడం లేదు.