తాబిష్ అడిగిన ప్రశ్న

రెండున్నరకు బండి ఉంది. మూడింటికి లేదు.

రెండున్నరకు ఇంటి ఓనరు లస్మవ్వ ఎండబెట్టిన మిరపకాయలు తీసుకుపోతూ మెట్ల పక్కన నర్సింగం బైకును చూసింది. మూడింటికి ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగి కిటికీలు అదిరాయి. గనిలో నైట్ షిఫ్టు దిగి, అదే బిల్డింగ్‌లో తన ఇంట్లో పడుకున్న నర్సింగం ఆ అదురుకు లేచాడు. కిందికి చూసి లబోదిబోమన్నాడు.

గోదావరిఖనిలోని ఆ బిల్డింగ్‌లోనే, పై అంతస్తులో, ఏఎస్సై అనసూర్య ఉంటుంది. పోలీసు ఉన్న ఇంటి మెట్ల కింద దొంగతనం! ఆమెకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రం లస్మవ్వ ఇంట్లో ఉన్న కెమెరా రికార్డర్ తెరిచి చూసింది. మెట్ల దగ్గరి కెమెరా 1.52 నుంచి 5.10 దాకా ఒక్క బొమ్మ కూడా పంపలేదు.

కెమెరా పెట్టింది తాబిష్. రిటైరైన గని కార్మికుడు అబ్దుల్ రజాక్ కొడుకు. బిల్డింగ్‌కంతా ఒకటే ఇంటర్నెట్ కనెక్షన్. మెట్ల దగ్గర చిన్న నెట్‌వర్క్ స్విచ్ డబ్బా, దాని నుంచి మూడిళ్లకూ కెమెరాకూ వైర్లు. అదంతా తాబిష్ పనే. అనసూర్య అతన్ని పిలిపించి మెట్ల మీదే నిలబెట్టింది.

"1.52కు ఎక్కడున్నవ్?"

"కమాన్‌పూర్‌ల, మేడం. ఒకరింట్ల కెమెరా పెడుతున్న."

"ఫోన్ల నుంచి ఈ కెమెరా బంద్ చెయ్యొస్తదా?"

"వస్తది. కాని నేను చెయ్యలే."

"పాస్‌వర్డ్ ఇంకెవరికి ఎరుక?"

"నాకొక్కనికే." తాబిష్ స్విచ్ డబ్బా వైపు చూశాడు. "మేడం, ఈ బిల్డింగ్‌ల ఎవరన్న పాత రౌటర్ పెట్టిండ్రా? ఒక్కసారి చూస్తే..."

"ప్రశ్నలడిగేది నేను!"

కాలర్ పట్టుకుని మెట్లు దింపింది. గేటు దాకా అట్లాగే నడిపించి జీపెక్కించింది. మొదటి షిఫ్టు వాళ్లు ఇళ్లకు చేరిన వేళ. గల్లీ అంతా గుమ్మాల్లో నిలబడి చూసింది.

సాక్ష్యం లేక మర్నాడు వదిలేశారు. జనం మాత్రం వదల్లేదు. కెమెరాలు పెట్టించుకున్న వాళ్లు ఒక్కొక్కరే పాస్‌వర్డ్‌లు మార్పించుకున్నారు. కొత్తగా పిలిచేవాడు లేడు. తాబిష్ తన కెమెరాల దుకాణం షట్టర్ దించేశాడు.

ఇరవై రోజులకు బెల్లంపల్లిలో బండ్ల దొంగ దొరికాడు. నర్సింగం బండి వాడి దగ్గరే ఉంది. అనసూర్య వెళ్లి వాణ్ని అడిగింది.

"తాబిష్ నీకెట్ల తెలుసు?"

"గాడెవడు, మేడం?"

"కెమెరా ఎవరు బంద్ చేసిండ్రు?"

"ఆడ కెమెరా ఉన్నదా? నేను సూస్కోనేలే."

వాడి ముఖంలో అబద్ధం లేదు. అనసూర్యకు అరికాళ్ల దాకా సిగ్గేసింది.

అటునుంచి అటే రజాక్ ఇంటికి పోయింది. తాబిష్ లేడు. శ్రీరాంపూర్‌లో మేనమామ మెకానిక్ షెడ్డులో పనికి కుదిరాడట. రజాక్ కుర్చీ వేశాడు. ఆమెకు కూర్చోవాలనిపించలేదు.

"దొంగ దొరికిండు, చాచా. మీవాని తప్పేం లేదు."

"ఆ మాట నాకు ముందే ఎరుక, మేడం," అన్నాడు రజాక్. "కాని కెమెరా ఎందుకాగింది? దానికి జవాబు దొరికేదాంక లోకానికి మావాడే దొంగ. అందరి ముందు తీస్కపోయిండ్రు. అందరి ముందే చెప్పుండ్రి."

ఆమె గడప దాటుతుంటే ఆయనే మళ్లీ అన్నాడు. "బిల్డింగ్‌ల ఎక్కడ్నో రెండో డబ్బా నంబర్లు పంచుతున్నదని మావాడు మొత్తుకున్నడు. ఎవలు విన్నరు?"

ఆమె నేరుగా రికార్డర్ ముందు కూర్చుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది టైమ్ రాసుకుంటుంది. బండి పోయిన నెలలో తొమ్మిదిసార్లు కరెంటు పోయింది. కెమెరా మాయమైంది మాత్రం నాలుగుసార్లే. నాలుగు, పదకొండు, పదిహేడు, ఇరవై ఐదు తేదీలు. చివరిది బండి పోయిన రోజు. ప్రతిసారీ కరెంటు వచ్చిన నిమిషంలోనే.

నాలుగుసార్లే ఎందుకు? ఎవరో ఇంట్లో ఉన్న రోజుల్లోనే ఆ రెండో డబ్బా వెలుగుతోందా?

"బ్లాస్టింగ్‌కు వైర్లు కదులుతున్నయేమో," అన్నాడు నర్సింగం. బ్లాస్టింగ్ రోజూ మూడింటికే. కుదరలేదు. నర్సింగం షిఫ్టులతో పోల్చి చూసింది. కుదరలేదు. లస్మవ్వ ఏ రోజూ ఇల్లు వదిలిపోదు. ఆమె ఇంట్లో రౌటర్ ఒక్కటే, తాబిష్ పెట్టినదే.

ఇక మిగిలింది ఎవరి డ్యూటీ?

అనసూర్య తన డైరీ తీసింది. నాలుగో తేదీ, వీక్లీ ఆఫ్. పదకొండు, పదిహేడు, ఇరవై ఐదు, నైట్ డ్యూటీ దిగి ఇంట్లో నిద్ర. మిగిలిన అయిదు రోజులూ ఆమె ఠాణాలో ఉంది. తాళం వేసేటప్పుడు ఇంట్లో కరెంటు స్విచ్చులన్నీ ఆపేసి పోవడం ఆమెకు అలవాటు.

ఆ స్విచ్చుల్లో ఒకటి టీవీ వెనకది. పైకి పోయి చూసింది. పాత క్వార్టర్ నుంచి తెచ్చుకున్న రౌటర్ పచ్చ లైటుతో వెలుగుతోంది. ఆమె ఇంట్లోకి తాబిష్ లాగిన నెట్ వైరు ఒకటే. టీవీకీ ఫోనుకూ రెండింటికీ కావాలని ఈ డబ్బా తనే తగిలించింది. ఎవరికీ చెప్పలేదు. ఆ పచ్చ లైటు వైపు చూడలేక ముఖం తిప్పుకుంది.

ఆదివారం సాయంత్రం అయిదింటికి అందరినీ మెట్ల దగ్గరికి పిలిచింది. గల్లీ వాళ్లు కూడా వచ్చారు. రజాక్ కొడుకును వెంట తెచ్చాడు. తాబిష్ ఆమె వైపు చూడలేదు.

"కెమెరా ఎవరు ఆపిండ్రో దొరికింది," అంది అనసూర్య. "కాలనీల క్వార్టర్ నంబర్లు ఎవరిస్తరు?"

"ఆఫీసు," అన్నాడు నర్సింగం.

"అదే కాలనీల ఇంకొకడు ఆఫీసు తెరిచి, వేరే నంబర్లు ఇస్తే?"

"ఎవరిల్లు ఎక్కడుందో ఎవలకు దొరుకది."

"గట్లనే అయింది. ఈ బిల్డింగ్‌ల నంబర్లియ్యాల్సింది లస్మవ్వ ఇంట్ల రౌటర్. కరెంటు పోయి వచ్చినప్పుడు కెమెరా కొత్తగ నంబర్ అడుగుతది. రెండో రౌటర్ జల్ది లేచి, తన నంబర్ ఇచ్చేసింది. కెమెరా నడుస్తనే ఉంది. రికార్డర్ దాన్ని పాత నంబర్ మీద వెతికింది. దొరకలే. సాయంత్రం ఆ రెండోది ఆగినంకనే కెమెరా మళ్ల పాత నంబర్ తీసుకుంది."

నర్సింగం భార్య సారవ్వ చప్పున అంది. "గందుకేనా కరెంటచ్చినంక నా ఫోన్ల నెట్ రాకపోయేది!"

"గందుకే, అక్కా."

"మరి ఆ రెండో డబ్బా ఎవలది, బిడ్డా?" లస్మవ్వ అడిగింది.

అనసూర్య కొంగు చాటు నుంచి రౌటర్ తీసి అందరికీ కనబడేలా పట్టుకుంది.

"నాది."

ఆమె తాబిష్‌ను చూపించింది.

"ఈ పిలగాడు ఆ రోజు సరైన ప్రశ్నే అడిగిండు. జవాబు నా ఇంట్లనే ఉండె. నేను కాలర్ పట్టిన. తప్పు నాది. తాబిష్, నన్ను మాఫ్ చెయ్."

తాబిష్ మాఫ్ చేశానని అనలేదు. చెయ్యనని కూడా అనలేదు. డబ్బా తీసుకుని పైకి పోయాడు. ఆమె టీవీ వెనకే మళ్లీ తగిలించాడు. లాప్‌టాప్ తెరిచి ఏదో సెట్టింగ్ ఆపేశాడు.

"ఇగ నంబర్లియ్యది. టీవీకి, ఫోనుకు వాడుకోండ్రి."

"అయిపోయిందా?"

"రెండు నిమిషాల పని, మేడం. ఆ రోజు కూడ గింతే."

అతను బ్యాగు సర్దుకుని మెట్లు దిగుతుంటే అనసూర్య వెనకే కదిలింది. కింద గల్లీ వాళ్లు ఇంకా నిలబడే ఉన్నారు.

"ఆగు, గేటు దాంక నేనొస్త."

తాబిష్ మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు.

"వద్దు, మేడం. మీరు పక్కన నడిస్తే, మళ్ల తీస్కపోతున్నరనుకుంటరు."

ఆమె మెట్టు మీదే ఆగిపోయింది. గేటు దగ్గర రజాక్ కొడుకు భుజం మీద చెయ్యేశాడు. ఇద్దరూ గల్లీ మధ్య నుంచి నెమ్మదిగా నడిచి వెళ్లారు.