తులసి అడిగిన తప్పులు

తులసి మొదటిసారి నా దగ్గరికి వచ్చింది నిలదీయడానికే. విజయనగరంలో మా ఇంజనీరింగ్ కాలేజీ స్టాఫ్‌రూమ్ గుమ్మంలో తడిసిన గొడుగు ముడుస్తూ, "దేవేంద్ర అంటే ఎవరండీ?" అంది.

ఆ దేవేంద్రని నేనే. ఏటా మా కాలేజీలో జరిగే టెక్ కాన్ఫరెన్స్‌లో ఎవరు మాట్లాడాలో తేల్చే పని నా నెత్తిన పడింది. మాట్లాడతామంటూ తలా ఒక పేజీ రాసి పంపినవాళ్లలో నేను తీసుకోని అరవై మందికీ ఒకటే మెయిల్ కొట్టాను: చాలా బాగుంది, ఈసారి చోటు లేదు.

ఆ మెయిల్ ప్రింటు తీసి మరీ తెచ్చింది. "బాగుంటే ఎందుకు తీసుకోలేదు సార్? తప్పేటో సెప్పండి, దిద్దుకుంటాను."

ఆమెది కళింగపట్నం. వాళ్లమ్మ కూర్మమ్మ ఒడ్డున చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. వాన రావడానికి గంట ముందే అక్కడి ఆడవాళ్ల ఫోన్లు మోగేలా తులసి ఓ చిన్న పెట్టె తయారుచేసింది. దాన్ని నలుగురికీ చూపించి, ఏదైనా కంపెనీ సాయం సంపాదించుకోడానికి ఇంట్లో ఏడాది గడువిచ్చారు. లేదంటే హైదరాబాద్‌లో మావయ్య చూసిపెట్టిన కాల్‌సెంటర్ ఉద్యోగమే.

తప్పేమిటో నాకు తెలుసు. మొదటిసారి చదివినప్పుడే తెలుసు. పేజీ నిండా సెన్సార్లు, సర్వర్లు. కూర్మమ్మ చేపలు మూడుసార్లు తడవకుండా గట్టెక్కాయన్న సంగతి చిట్టచివరి లైన్లో. అదే మొదట ఉండాలి. ఆ మాట చెప్పడానికి నాకేం రోగం? ముక్కు చివర వాన చుక్క వేలాడుతున్నా తుడుచుకోకుండా నా మొహంలోకే చూస్తోంది. ఆ మొహం చిన్నబుచ్చలేకపోయాను.

"ఏం తప్పు లేదండీ. బంగారంలా ఉంది. ఇంకెక్కడికైనా పంపండి," అన్నాను. పైగా టీ ఇప్పించాను, వెధవని.

నా మాట పట్టుకుని ఆ పేజీలో ఒక్క అక్షరం మార్చకుండా అలాంటి కాన్ఫరెన్సులకే విశాఖకి పంపింది, భువనేశ్వర్‌కి పంపింది, చెన్నైకి పంపింది. మూడు చోట్లా కాదన్నారు. కారణం ఎవరూ చెప్పలేదు. కాదన్న ప్రతిసారీ నాకే ఫోన్ చేసేది. వాళ్లకి బుర్ర లేదని ఓదార్చేవాణ్ణి. చివరికి నవ్వేది, ఆ నవ్వు కోసమే నేను కాచుక్కూచునేవాణ్ణి. ఆదివారాలు శ్రీకాకుళంలో బస్సు మారి కళింగపట్నం వెళ్లడం అలవాటైపోయింది. కూర్మమ్మ గారు చేపల వేపుడు కొసరి కొసరి వడ్డించేవారు. తులసి నోట 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

గడువు తీరింది. తులసి హైదరాబాద్ టికెట్ తీసుకున్న రోజు సాయంత్రం ఒడ్డున కూర్చుని, ఇక ఆగలేక, ప్రేమించానని చెప్పేశాను. మొదటి రోజు దాచిందీ చెప్పేశాను. అది కడుపులో పెట్టుకుని పెళ్లాడలేను కదా.



"మా వైపు సంబంధం వద్దనుకుంటే జాతకాలు కలవలేదని కబురెడతారు. నీకలా సెప్పను," అంది. "నువ్వంటే నాకు ఇష్టమే. కానీ నేను బాధపడతానని నిజం దాసీసే మనిషివి. రేపు కూర బాగున్నాదన్నా, నేను బాగున్నానన్నా, ఎలాగ నమ్మీది? ఆ అనుమానంతో కాపురం సెయ్యలేను."

నేనేదో అనబోయాను. అక్కర్లేదన్నట్టు చెయ్యి అడ్డం పెట్టి, ఫోన్‌లో ఆ పేజీ తెరిచింది. "ఇప్పుడు సెప్పు. తప్పులేటి?"

చెప్పాను. అమ్మ చేపల సంగతి ముందు రాయమన్నాను. సర్వర్ల గోల సగానికి తగ్గించమన్నాను. పెట్టె ఎంతమంది వాడుతున్నారో ఎక్కడా లేదన్నాను. ఒక్కొక్కటీ రాసుకుంటూ "ఇంకా?" అని అడిగేది. అంత శ్రద్ధగా నా మాట ఆమె ఎప్పుడూ వినలేదు. ఇంకో పది తప్పులుంటే బాగుండునని ఆశపడ్డాను. అయిపోయాయి.

"పావుగంట కూడా పట్టలేదు," అంది టైం చూసి. ఆ గొంతులో కోపం ఉండుంటే బతిమాలుకునేవాణ్ణి; అదీ లేదు. చున్నీకంటిన ఇసుక దులుపుకుని ఇంటివైపు నడిచింది. చీకటి పడేదాకా నేనక్కడే కూర్చుని ఏడ్చాను.